పురుగు లెక్క ఎవరి చేతిలో ఉండాలి?

అనంతపురం ఎర్ర నేలల్లో వేరుశనగ పండించే రైతుకు తొలకరి వాన రెండు కబుర్లు మోసుకొచ్చేది. ఒకటి, గొర్రు కట్టే అదను వచ్చిందని. రెండోది, ఎర్ర గొంగళి పురుగు లేవబోతున్నదని. కిందటి ఏడు పంట తిని బలిసిన పురుగు మట్టిలోకి దిగి, గట్ల పక్కన, చెట్ల నీడన కోశం కట్టుకుని నెలల తరబడి పడుకుంటుంది. ఎండాకాలమంతా దానికి నిద్రే. నేల బాగా తడిసేంత వాన పడితే చాలు, కొద్ది రోజుల్లోనే రెక్కల పురుగై రాత్రిపూట బయటికి వస్తుంది. అందుకే పెద్దవాళ్లు మొదటి వాన పడిన నాటి నుంచి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టేవారు. ఊరంతా కలిసి గట్ల మీద మంటలు వేసేవారు. వెలుగుకు వచ్చిన రెక్కల పురుగులు మంటలో పడి చచ్చేవి. తప్పించుకున్నవి గుడ్లు పెడితే, ఆ పిల్ల పురుగులు ఒక చేలోంచి ఇంకో చేలోకి పాకకుండా చేల చుట్టూ చాళ్లు తీసేవారు.

ఏ యంత్రమూ లేని రోజుల్లో పురుగుల మీద నిఘా అంటే అదే. అందులో రెండు సంగతులున్నాయి. పురుగు ఎప్పుడు వస్తుందో తెలియడం ఒకటి. తెలిసిన మాట ఊరందరికీ ఒకేసారి అందడం రెండోది. ఒక్కడు మంట వేసి పదిమంది ఊరుకుంటే ఫలితం లేదు.

ఇప్పుడు ఈ రెండూ చెడ్డాయి. వాతావరణం మారడంతో మొదటిది చెడింది. తొలకరి ఒక ఏడు ముందే వచ్చి మొహం చాటేస్తుంది, ఇంకో ఏడు నెల ఆలస్యంగా వస్తుంది. మట్టిలోని పురుగుకు పంచాంగంతో పని లేదు, తడి తగిలితే లేస్తుంది. రెండోది చెడిపోవడానికి మాత్రం వాతావరణం కారణం కాదు, మనుషులు చేసిన ఏర్పాట్లే కారణం. మొదటిదాని గురించి శాస్త్రజ్ఞులు చాలా చెబుతున్నారు, అది మనం శ్రద్ధగా వినాలి. రెండోదాని గురించి గట్టిగా మాట్లాడవలసింది మాత్రం రైతులు, కూలీలు, వారి సంఘాలే.

వేడి పెరిగితే పురుగుకు ఏమవుతుంది?

మనిషికి, ఎద్దుకు ఒంట్లో సొంత వేడి ఉంటుంది. బయట చలైనా ఎండైనా ఆ వేడి పెద్దగా మారదు. పురుగుకు ఆ సౌకర్యం లేదు. చుట్టూ గాలి ఎంత వెచ్చగా ఉంటే దాని ఒళ్లూ దాదాపు అంతే. వెచ్చదనం పెరిగేకొద్దీ అది తొందరగా తింటుంది, తొందరగా పెరుగుతుంది, తొందరగా గుడ్లు పెడుతుంది. ఇదంతా ఒక హద్దు వరకు. ఆ హద్దు దాటితే దానికీ ఇబ్బందే.

మొక్కజొన్నను పీడిస్తున్న కత్తెర పురుగునే తీసుకోండి. అమెరికా ఖండాల్లో పుట్టిన ఈ పురుగు 2016లో ఆఫ్రికాలో కనబడింది. 2018 మే నెలలో కర్ణాటకలో బయటపడి, ఆ ఏడాదే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేలల్లోకి దిగింది. అమెరికాలో వేసిన లెక్క ప్రకారం ఎండాకాలంలో దాని జీవితచక్రం సుమారు 30 రోజుల్లో పూర్తవుతుంది. చలీ ఎండా మధ్యస్థంగా ఉండే రోజుల్లో 60 రోజులు, చలికాలంలో 80 నుంచి 90 రోజులు పడుతుంది. అంటే చలిలో ఒక తరం గడిచే కాలానికి వేడిలో మూడు తరాలు పుట్టుకొస్తాయి. ఒక్కొక్క ఆడ రెక్కల పురుగు వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు. చలి తగ్గిన ప్రతిచోటా ఈ లెక్క పురుగుకే లాభం.

మన దేశంలో సగటు ఉష్ణోగ్రత 1901 నుంచి 2018 నాటికి సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వెలువరించిన నివేదిక చెబుతోంది. ముప్పావు డిగ్రీ కూడా లేదు కదా అని కొట్టిపారేయకూడదు. భూగోళం ఒక్కొక్క డిగ్రీ వేడెక్కేకొద్దీ వరి, గోధుమ, మొక్కజొన్న పంటల్లో పురుగులు చేసే నష్టం 10 నుంచి 25 శాతం పెరుగుతుందని 2018లో అమెరికా శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. వంద బస్తాల్లో పది పురుగు పాలయ్యే చోట ఇక పదకొండో, పన్నెండున్నరో పోతాయన్నమాట. ఈ పెరుగుదల చల్లని దేశాల్లో ఎక్కువగా ఉంటుందనీ వాళ్లే చెప్పారు. మనలాంటి వేడి దేశాల్లో చాలా పురుగులు ఇప్పటికే హద్దు దగ్గర బతుకుతున్నాయి. అయితే ఆ మాట విని మనం నిశ్చింతగా ఉండడానికి లేదు. పురుగు చేతులు ముడుచుకుని కూర్చోదు.

పురుగు వేసే ఎత్తులు

ఒకటి, చోటు మారుస్తుంది. వరిలో సుడిదోమ ఆకు కొసన ఎండలో కూర్చోదు. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన, నీడలో చేరుతుంది. పైన ఎండ మండుతున్నా కింద చల్లగా, తేమగా ఉంటుంది. ఒత్తుగా నాటి, యూరియా దండిగా చల్లిన మడిలో ఆ నీడ ఇంకా చిక్కగా ఉంటుంది. రెండు మీటర్లకొకటి చొప్పున కాలిబాటలు తీయమని వ్యవసాయ శాఖవారు చెప్పేది గాలీ వెలుతురూ లోపలికి పోయి దోమకు ఆ నీడ దక్కకుండా చేయడానికే.

రెండు, నిద్రపోతుంది. ఎర్ర గొంగళి పురుగు మట్టిలో నిద్రపోయినట్టే, పత్తిలో గులాబి రంగు పురుగు రెండు గింజలను అతికించుకుని వాటి లోపల దాక్కుంటుంది. కాలం కలిసివచ్చేదాకా తిండి లేకుండా గడపగలదు.

మూడు, ఒంట్లోనే రక్షణ తయారుచేసుకుంటుంది. వేడి దెబ్బ తగలగానే కొన్ని ప్రత్యేకమైన మాంసకృత్తులను పుట్టించి, మిగిలిన మాంసకృత్తులు చెడిపోకుండా కాపాడుకుంటుంది.

నాలుగు, ఊరు మారుస్తుంది. ప్రపంచం మొత్తం మీద పంటల పురుగులు, తెగుళ్లు 1960 నుంచి సగటున ఏడాదికి 2.7 కిలోమీటర్ల చొప్పున ధ్రువాల వైపు జరుగుతున్నాయని 2013లో ఒక పరిశోధన తేల్చింది.

ఐదు, తరం మారుతుంది. మనకు ఒక తరం అంటే పాతికేళ్లు, పురుగుకు నెల. వేడిని తట్టుకోలేనివి పోతాయి, తట్టుకున్నవి పిల్లల్ని పెడతాయి. మందు విషయంలో జరుగుతున్నదీ ఇదే. ఒకే మందు పదేపదే కొట్టిన చేలో దాన్ని తట్టుకునే వంశమే చివరికి మిగులుతుంది.

గాలిలో పెరుగుతున్న బొగ్గుపులుసు వాయువు కూడా ఇందులో పాత్రధారే. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థవారు పైకప్పు లేని గదుల్లో ఆ వాయువును పెంచి వేరుశనగ పండించి చూశారు. ఆ ఆకులో నత్రజని తగ్గింది. ఆకులో సత్తువ తగ్గితే పొగాకు లద్దె పురుగు ఊరుకోలేదు, కడుపు నిండడానికి ఇంకా ఎక్కువ ఆకు తిన్నది. సత్తువ లేని తిండి పెడితే మనమూ ఇంకో ముద్ద అడుగుతాం కదా!

అన్ని పురుగులూ ఇలా నెగ్గుకురాలేవు. పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టి వాటిని నాశనం చేసే ట్రైకోగ్రామా వంటి చిన్న కందిరీగలు, పేనుబంకను తినే అక్షింతల పురుగులు, పూలను ఫలదీకరించే తేనెటీగలు మన పక్షం. శత్రు పురుగు ముందే లేచి, దాన్ని తినే మిత్ర పురుగు వెనకబడితే ఆ మధ్య రోజులు పంటకు గండం. దానికి తోడు మనం కొట్టే విషం ముందుగా చంపేది ఈ మిత్రులనే. జర్మనీలోని రక్షిత ప్రాంతాల్లో 27 ఏళ్లు ఎరలు పెట్టి చూసినవారు, ఎగిరే పురుగుల మొత్తం బరువు 75 శాతానికి పైగా పడిపోయిందని 2017లో ప్రకటించారు. దానికి కారణం వాతావరణం ఒక్కటే అని వారు అనలేదు. కానీ పురుగు జాతి అంతా ఒకటి కాదనీ, మనకు మేలు చేసేవి తగ్గిపోతుంటే కీడు చేసేవి పెరగగలవనీ గుర్తుంచుకోవాలి.

వాతావరణం సాకు కాకూడదు

ఇక్కడొక హెచ్చరిక అవసరం. ఈ మధ్య ఏ నష్టం వచ్చినా ‘వాతావరణ మార్పు’ అని చేతులు దులుపుకునే అలవాటు పాలకులకూ, కంపెనీలకూ పట్టుకుంది. ఎవరూ చేయని తప్పుకు ఎవరు జవాబు చెప్పాలి అన్నట్టుగా ఉంటుంది వారి ధోరణి.

గులాబి రంగు పురుగు చరిత్ర చూడండి. ఈ పురుగుల బెడద ఇక ఉండదని చెప్పి బీటీ పత్తికి 2002లో అనుమతి ఇచ్చారు. ఒక జన్యువున్న బీటీని గుజరాత్‌లో గులాబి రంగు పురుగు తట్టుకుంటున్నదని 2010లో కంపెనీయే ఒప్పుకుంది. రెండు జన్యువులున్న రకాన్నీ అది కొన్నేళ్లలోనే జయించింది. ఇందులో ఎండ వాటా ఎంతో కొంత ఉండవచ్చు. కానీ ఎక్కువ కాలం చేలో నిలిచే సంకర రకాలను అమ్మింది ఎవరు? బీటీ కాని పత్తిని చుట్టూ వేయాలన్న నిబంధన కాగితం మీదనే మిగిలిపోతుంటే చూస్తూ ఊరుకున్నది ఎవరు? ఇవి వాతావరణం చేసిన పనులు కావు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు 1987–88లోనూ, వరంగల్ పత్తి రైతులు 1997–98లోనూ ప్రాణాలు తీసుకున్నప్పుడు పురుగు ఉంది, మందు పనిచేయకపోవడం ఉంది, అన్నిటినీ మించి అప్పు ఉంది. పురుగు ఆకును తిన్నది, అప్పు మనిషిని తిన్నది.

లెక్కలు వేస్తున్నారు, అందుతున్నాయా?

పురుగుల మీద నిఘా ఎలా పెడతారో కూలీలు, కార్యకర్తలు తెలుసుకోవాలి. అది బ్రహ్మవిద్య కాదు.

రాత్రిపూట దీపం పెట్టి, కింద గరాటు, డబ్బా అమర్చితే దీపపు ఎర అవుతుంది. పొద్దున్నే ఏ రకం ఎన్ని పడ్డాయో లెక్క రాస్తారు. ఆడ పురుగు మగదాన్ని పిలిచే వాసనను తయారుచేసి బుట్టలో పెడితే అది లింగాకర్షక బుట్ట. పత్తిలో వరుసగా మూడు రోజులు బుట్టకు 8 చొప్పున గులాబి రంగు రెక్కల పురుగులు పడితే ఇక చర్య తీసుకోవాలని గుర్తు. అంతకు తక్కువ పడితే మందు డబ్బా ముట్టనక్కర లేదు. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు, తామర పురుగులకు నీలం జిగురు అట్టలు కడతారు. వీటన్నిటికన్నా పాత పద్ధతి, అన్నిటికన్నా నమ్మకమైనది, చేలో దిగి మొక్క మొక్కనూ తిప్పి చూసి లెక్కపెట్టడం. ఈ లెక్కలకు రోజువారీ వేడి, తేమ, వాన వివరాలు కలిపితే ఫలానా పురుగు ఇంకెన్ని రోజులకు వస్తుందో ముందే చెప్పవచ్చు.

ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంవారు 1964 నుంచి సుమారు 40 అడుగుల ఎత్తు గొట్టాలతో గాలిని పీల్చి అందులో పడిన పురుగులను లెక్కపెడుతున్నారు. పేనుబంక మునుపటికన్నా ముందుగా ఎగరడం మొదలుపెడుతున్నదని తేలింది ఆ దశాబ్దాల లెక్క వల్లనే. మన రాజేంద్రనగర్ కేంద్రంగా 1965 నుంచి నడుస్తున్న అఖిల భారత వరి పరిశోధన పథకంలోనూ దీపపు ఎరల లెక్కలు రాస్తున్నారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో శనగపచ్చ పురుగు మీద ఎరలు పెట్టి ఏళ్ల తరబడి పరిశీలించారు. మహారాష్ట్రలో 2008లో సోయాబీన్ చేలను లద్దె పురుగు ఊడ్చేశాక, ఊరూరా పురుగులను లెక్కించి రైతులకు సలహా చెప్పే పథకం పెట్టారు. కేంద్ర ప్రభుత్వం 2024 ఆగస్టులో జాతీయ పురుగుల నిఘా వ్యవస్థ అని సెల్‌ఫోనులో ఒక యాప్ తెచ్చింది. ఫొటో తీసి పంపితే పురుగు పేరు, చేయవలసిన పని చెబుతుందట. ఇవన్నీ మంచివే. శాస్త్రజ్ఞుల కృషిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు.

మిడతల సంగతి చూస్తే నిఘా విలువా, దాని పరిమితీ రెండూ తెలుస్తాయి. 2018లో మే, అక్టోబరు నెలల్లో రెండు తుపానులు అరేబియా ఎడారిని తడిపాయి. మనిషి పోలేని ఆ ఇసుకలో మిడత ఎవరి కంటా పడకుండా మూడు తరాలు పెరిగింది. తర్వాత ఆఫ్రికా మీద, పాకిస్తాన్ మీద, మన రాజస్థాన్ మీద పడింది. 2020లో మధ్యప్రదేశ్, మహారాష్ట్రల దాకా వచ్చింది. మన దేశంలో మిడతల హెచ్చరిక సంస్థ 1939 నుంచి ఉంది, అంతర్జాతీయంగానూ నిఘా ఉంది. అయినా, చూసే కన్ను లేనిచోట పురుగు పెరిగిపోయింది.

మిర్చి సంగతి ఇంకా బాధాకరం. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన నల్ల తామర పురుగును 2015లోనే బెంగళూరు దగ్గర బొప్పాయి మీద శాస్త్రజ్ఞులు గుర్తించారు. 2021లో అది గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ మిర్చి చేల మీద విరుచుకుపడింది. పూత పూతంతా రాలిపోయింది. మధ్యలో ఆరేళ్లు ఉన్నాయి! శాస్త్రానికి ఆరేళ్ల ముందు తెలిసిన పురుగు రైతుకు పూత రాలాకనే తెలిసింది. ఏ పురుగో తెలియక, దుకాణంలో ఇచ్చిన మందల్లా కొట్టి, లక్షల పెట్టుబడి పోయి, చెట్లు పీకేసినవారున్నారు. మహబూబాబాద్ ప్రాంతం నుంచి ఆత్మహత్యల వార్తలు వచ్చాయి.

కాబట్టి లోపం లెక్క వేయడంలో లేదు. వేసిన లెక్క ఊరికి చేరే దారిలో ఉంది.

చేలో మొదట చూసేది ఎవరు?

ఈ ప్రశ్న ఎవరూ అడగడం లేదు. కలుపు తీసే ఆడకూలీ వంగి ప్రతి మొక్క మొదలూ చూస్తుంది. పత్తి ఏరే మనిషి ప్రతి కాయా పట్టుకుంటుంది. పురుగును మొదట చూసే కళ్లు వాళ్లవి. ఆ మాట వినేవాడు లేడు, ఆ మాట రాసుకునే పుస్తకం లేదు. ‘నీకెందుకే, చాళ్లో పని చూసుకో’ అంటారు. పురుగు ముదిరాక అదే కూలీ ఇంటాయన వీపుకు పంపు కట్టుకుని మందు కొట్టడానికి దిగాలి. చేతికి తొడుగు లేదు, ముఖానికి గుడ్డ తప్ప ఇంకొకటి లేదు. మహారాష్ట్రలోని యవత్‌మాల్‌లో 2017లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. పురుగు లెక్క తప్పితే పట్టాదారుకు పోయేది పంట, కూలీకి పోయేది ప్రాణం.

కౌలుదారు సంగతి మరీ అన్యాయం. పెట్టుబడి తనది, కౌలు ముందే కట్టాలి, అప్పు మందుల దుకాణంలోనే. అప్పిచ్చేవాడే సలహా చెప్పేవాడైతే ఆ సలహా ఎలా ఉంటుంది? ‘ఇంకా పురుగు లేదు, మందు వద్దు’ అని ఏ దుకాణదారు చెబుతాడు? ఇది ఒక్క మనిషి చెడ్డతనం కాదు. అమ్మితే గాని గడవని వ్యాపారం చేతిలో నిఘా పెట్టినందువల్ల వచ్చిన ఫలితం. ఇక యాప్ సంగతి! మంచి ఫోనూ, సిగ్నలూ, చదవడం వచ్చినవాడూ ఉంటే పనికొస్తుంది. పైటచెంగున కొడవలి దోపుకుని చేలోకి దిగే ఆడకూలీకి ఆ ఫోను ఎవరిచ్చారు?

వేరే దారి లేదా? ఉంది. ఇండోనేషియాలో సుడిదోమ వరిని నాశనం చేస్తుంటే, మందు ఎక్కువ కొట్టడం వల్లనే సాలీళ్లు, మిత్ర పురుగులు చచ్చి దోమ పెరుగుతున్నదని తేలింది. 1986లో అక్కడి ప్రభుత్వం వరిలో 57 రకాల మందులను నిషేధించింది. మందుల మీద ఇస్తున్న రాయితీని క్రమంగా ఎత్తేసింది. 1989 నుంచి రైతులకు పొలంలోనే బడి పెట్టి, పురుగులను గుర్తుపట్టడం, లెక్కపెట్టడం నేర్పింది. మన దగ్గర ‘పొలంబడి’ అన్న పేరుతో నడిచింది ఆ పద్ధతే. ఖమ్మం జిల్లా పునుకుల గ్రామంవారు 2000 దశకం మొదట్లో పురుగు మందులు మానేసి, బుట్టలు, వేపకషాయం, ఉమ్మడి నిర్ణయాలతో పత్తి పండించి చూపారు. అక్కడ జరిగింది మహిమ కాదు. ఊరంతా ఒక్కమాట మీద నిలబడింది, అంతే.

మనం ఏమి కోరాలి?

ఒకటి: ప్రతి గ్రామంలో దీపపు ఎర, లింగాకర్షక బుట్టలు, జిగురు అట్టలు ప్రభుత్వ ఖర్చుతో పెట్టాలి. ప్రతి వారం లెక్కను పంచాయతీ దగ్గర బోర్డు మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయాలి. చదవడం రానివారి కోసం మైకులో చెప్పాలి.

రెండు: చేలల్లో పురుగులు లెక్కపెట్టే పనికి వ్యవసాయ కార్మికులకు, ముఖ్యంగా మహిళలకు శిక్షణ ఇచ్చి, రోజుకూలి కట్టి తీసుకోవాలి. ఇది దానం కాదు, పని. చూసే కన్నుకు కూడా కూలి ఉండాలి.

మూడు: పరిశోధనా కేంద్రాల్లో కొత్త పురుగు బయటపడగానే, ఆ పంట పండించే జిల్లాలన్నిటికీ హెచ్చరిక పంపే బాధ్యత ఒక అధికారి మీద పెట్టాలి. మిర్చిలో పోయిన ఆరేళ్లు మళ్లీ పోకూడదు.

నాలుగు: మందు కొట్టే కూలీకి తొడుగులు, ముసుగు ఇవ్వడం యజమాని బాధ్యతగా అమలు జరపాలి. విషం సోకినవారి వైద్యం ప్రభుత్వం భరించాలి.

ఐదు: పురుగు వల్ల పంట పోతే పరిహారం పట్టాదారుకు కాక, సాగుచేసిన కౌలుదారుకు అందాలి. గ్రామంలో రాసిన పురుగు లెక్కనే దానికి సాక్ష్యంగా తీసుకోవాలి.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. ఒక్క సీజనులో అక్కరలేకుండా కొట్టే మందుల ఖర్చు ముందు ఈ ఏర్పాట్ల ఖర్చు చాలా చిన్నది. అయితే అడగందే ఎవరూ ఇవ్వరు. రైతు సంఘాలు, వ్యవసాయ కార్మిక సంఘాలు ఈ ఖరీఫ్‌కే ఈ పనికి పూనుకోవాలి. ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కర లేదు. ఒక దీపం, ఒక తొట్టి నీళ్లు, ఒక నోటుపుస్తకం, లెక్క రాయగల ఒక పిల్ల ఉంటే ఏ ఊళ్లోనైనా రేపే మొదలుపెట్టవచ్చు. ఆ పుస్తకం పట్టుకుని మండలాఫీసుకు వెళ్లి అడిగే మాటకు బలం ఉంటుంది.

కాలం మారుతోంది, పురుగు దానితో పాటు మారుతోంది. మారనిది మన ఊళ్లో సమాచారం నడిచే దారి ఒక్కటే. వాన పడిన నాటి నుంచి రోజులు లెక్కపెట్టి, ఊరంతా ఒకే రాత్రి మంటలు వేసిన ఆ పెద్దవాళ్లకు చదువు లేదు, యాప్ లేదు. వాళ్లకు తెలిసిన సంగతి ఒకటే: పురుగుకు గట్లు అడ్డం కావు. పోరాడే మనకు మాత్రం గట్లు ఎందుకు అడ్డం కావాలి?